మీకు తెలుసా? ముఖ్యమంత్రి కుర్చీ వదిలారు... ఎంపీగా ఓడిపోయారు!

కెనడాలో డాక్టరుకు చూపించుకుంటే ఫీజు అడగరు. ఆస్పత్రిలో చేరితే చికిత్సకు బిల్లు వేయరు. ఈ ఏర్పాటు ఎవరి చలవ అంటే అక్కడివాళ్లు ముందుగా చెప్పే పేరు టామీ డగ్లస్. సస్కచ్వాన్ అనే ప్రావిన్సుకు 17 ఏళ్లు ప్రీమియర్‌గా ఉన్నారు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క. తర్వాత జాతీయ రాజకీయాల్లోకి వెళ్లారు కానీ, దేశ రాజధాని ఒటావాలో ఒక్కనాడూ మంత్రి కాలేదు. అయినా ఆయన పథకం దేశమంతటికీ చట్టమైంది. ఆ ముచ్చట్లు ఇవీ...

• డగ్లస్ 1904లో స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌లో పుట్టారు. చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలి, అది ఎముక జబ్బుగా ముదిరింది. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వచ్చాక, కాలు తీసేయాల్సిందే అన్నారు అక్కడి డాక్టర్లు. పెద్ద సర్జన్‌కు చూపించే స్తోమత ఇంట్లో లేదు. చివరికి ఒక సర్జన్, ఆపరేషన్‌ను తన విద్యార్థులు చూడటానికి ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా చేస్తానన్నాడు. కాలు దక్కింది. వైద్యం అందడం అదృష్టం మీదో, జేబు మీదో ఆధారపడకూడదన్న పట్టుదలకు బీజం అక్కడే పడిందని డగ్లస్ చెప్పుకునేవారు.

• ఆ కాలితోనే ఆయన బాక్సింగ్ రింగులోకి దిగారు! 1922లో మానిటోబా లైట్‌వెయిట్ చాంపియన్. మరుసటి ఏడాదీ టైటిల్ ఆయనదే. పగలు చేసే పని ప్రింటింగ్ ప్రెస్‌లో.

• ఆపై చదువుకుని పాస్టర్ అయ్యారు. 1930లలో వేబర్న్ పట్టణంలో చర్చి బాధ్యతలు చూస్తున్నప్పుడు ఒకపక్క ఆర్థిక మాంద్యం, మరోపక్క కరువు రైతులను కుదిపేశాయి. దాంతో సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీలో చేరారు. 1934లో ప్రావిన్సు శాసనసభకు పోటీచేసి ఓడారు. 1935లో పార్లమెంటుకు గెలిచారు. అంటే ఆయన ముందు ఎంపీ, ఆ తర్వాతే ప్రీమియర్.

• ఆయన జీవితంలో ఒక మచ్చ కూడా ఉంది. 1933లో రాసిన ఎం.ఎ. సిద్ధాంత వ్యాసంలో, ‘లోపాలున్న’వారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్న ఆనాటి వాదాన్ని సమర్థించారు. పక్కనున్న అల్బెర్టాలో అప్పటికే అలాంటి చట్టం ఉంది. కానీ ప్రీమియర్ అయ్యాక డగ్లస్ ఆ దారి తొక్కలేదు.

• 1944 ఎన్నికల్లో సీసీఎఫ్ 52 సీట్లకు 47 గెలిచింది. 1947 జనవరి 1 నుంచి సస్కచ్వాన్‌లో అందరికీ ఆస్పత్రి బీమా అమల్లోకి వచ్చింది. పదేళ్లకు, 1957లో, ఖర్చు పంచుకుంటూ కేంద్రమూ అలాంటి చట్టమే చేసింది. ఆస్పత్రి బిల్లుల భారం తగ్గడంతో ప్రావిన్సు ఖజానాకు వెసులుబాటు దొరికింది. ఇక డాక్టరు ఫీజుల వంతు అన్నారు డగ్లస్.

• 1961లో ఎన్‌డీపీ అనే కొత్త జాతీయ పార్టీ పుట్టింది. నాయకుడిగా డగ్లస్‌ను ఎన్నుకున్నారు. ప్రీమియర్ పదవికి రాజీనామా చేసి, 1962 జూన్‌లో రెజైనా నుంచి పార్లమెంటుకు పోటీచేశారు. వైద్య పథకంపై డాక్టర్ల వ్యతిరేకత అప్పుడు పతాకస్థాయిలో ఉంది. పదిహేడేళ్లు ప్రావిన్సును ఏలిన నేత దాని రాజధానిలోనే ఓడిపోయారు! మరో ఎంపీ తన సీటు ఖాళీచేసి ఇస్తే, ఎక్కడో పసిఫిక్ తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియాలో ఉప ఎన్నిక గెలిచి సభకు వెళ్లారు.

• ఆ ఓటమి తర్వాత రెండు వారాలు తిరక్కుండానే, జులై 1న, పథకం అమలు మొదలైంది. అదేరోజు సస్కచ్వాన్ డాక్టర్లు సమ్మె కట్టారు. కొత్త ప్రీమియర్ వుడ్రో లాయిడ్ వెనక్కి తగ్గలేదు. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. 23 రోజులకు రాజీ కుదిరింది. డాక్టర్లు ప్రభుత్వోద్యోగులు కానక్కర్లేదు, ప్రైవేటుగానే ప్రాక్టీసు చేసుకోవచ్చు, ఫీజు మాత్రం ప్రభుత్వ బీమా చెల్లిస్తుంది. ఇవాళ్టికీ అక్కడ చాలావరకు నడుస్తున్న పద్ధతి ఇదే.

• దీన్ని దేశమంతటా పెట్టాలని 1964లో సిఫార్సు చేసింది జస్టిస్ ఎమ్మెట్ హాల్ కమిషన్. దాన్ని వేసింది డగ్లస్ పార్టీ కాదు, కన్జర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్. 1966లో చట్టం చేసింది లెస్టర్ పియర్సన్ లిబరల్ ప్రభుత్వం. అది మైనారిటీ సర్కారు కాబట్టి ఎన్‌డీపీ ఓట్లకు విలువ ఉండేది. 1972కల్లా ప్రావిన్సులన్నీ పథకంలో చేరాయి. డగ్లస్ నాయకత్వంలో ఎన్‌డీపీకి ఏ ఎన్నికలోనూ 22 సీట్లకు మించి రాలేదు. ఒక ప్రావిన్సు చేసి చూపించింది కాబట్టే ‘ఇది కుదిరే పని కాదు’ అనే వాదన ఒటావాలో నిలవలేదు.

• 1970 అక్టోబరులో క్యూబెక్ తీవ్రవాదుల కిడ్నాప్‌ల నేపథ్యంలో ప్రధాని పియర్ ట్రూడో యుద్ధకాలపు అత్యవసర చట్టాన్ని ప్రయోగించారు. జనం ట్రూడో వెంటే ఉన్నారు. పౌరహక్కులను కాలరాయడమేనంటూ డగ్లస్, ఆయన పార్టీ ఎంపీల్లో ఎక్కువమంది ఎదురు నిలిచారు. విమర్శలు చాలానే పడ్డారు.

• ‘24’ సీరియల్లో జాక్ బావర్‌గా నటించిన కీఫర్ సదర్లాండ్ ఈయన కూతురి కొడుకే.

• 1968లో ట్రూడో ప్రభంజనంలో డగ్లస్ కేవలం 138 ఓట్లతో మళ్లీ సీటు పోగొట్టుకున్నారు. 1969 ఉప ఎన్నికతో తిరిగి వచ్చి, 1979 దాకా ఎంపీగా ఉన్నారు. 1986లో కన్నుమూశారు. 2004లో ‘కెనడియన్లలో మహనీయుడెవరు?’ అని సీబీసీ టీవీ ప్రేక్షకులను ఓటు అడిగింది. మొదటి స్థానం డగ్లస్‌ది. ట్రూడోది మూడు!