బోరు నీళ్ల ఊళ్లో చవక పొడి

శాంతిపురం, కుప్పం వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. గట్టి రాతి నెర్రెల్లో నిలిచిన ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు మురికిని పట్టుకోకముందే ఈ లవణాలు సబ్బును పట్టుకుంటాయి. బకెట్టు అంచుకు అంటుకునే తెల్లటి తెట్టు అలా ఏర్పడేదే.

తాగే నీటిలో ఈ లవణాల మోతాదు, అంటే కాఠిన్యం, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటాయి. ఆ 600 కాఠిన్యమున్న నీళ్లు 20 లీటర్లు తీసుకుని లెక్క వేస్తే, లవణాలను తెట్టుగా మార్చడానికే దాదాపు 70 గ్రాముల సబ్బు పోతుంది. వంద గ్రాముల బిళ్లలో మూడింట రెండొంతులకు పైనే! నిలకడగా నురగ వచ్చేది ఆ తర్వాతే.

డిటర్జెంట్ పొడికి ఈ నష్టం తక్కువ. మంచి పొడుల్లో కాల్షియాన్ని పట్టి ఉంచే జియోలైట్ వంటివి కలుపుతారు. అవి ఖరీదు కాబట్టి చాలా చవక పొడుల్లో బట్టల సోడా, ఉప్పు ఎక్కువగా ఉంటాయి. సోడా కాల్షియాన్ని సున్నపురాయి పొడిగా మార్చి నేత పోగుల మధ్య వదిలేస్తుంది. తువ్వాలు బిరుసెక్కుతుంది, తెల్ల చొక్కా మాసినట్టే కనబడుతుంది. ఇంకో గుప్పెడు పొడి వేస్తాం. అందులోని సోడా క్షారం కాబట్టి చేతి చర్మంలోని నూనెను లాగేస్తుంది. వేళ్ల పగుళ్లకు కొనే మందు ధరను పొడి ఖర్చులో ఎవరూ రాసుకోరు. వానాకాలంలో మిద్దె మీద పడే నీళ్లు పట్టుకుని ఉతికితే పొడి చాలా తక్కువ పడుతుంది. ఆ నీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు.

నాకు అన్నిటికన్నా భయం బాత్రూం యాసిడ్ సీసా. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ నీళ్ల వల్ల నేల మీద పట్టే తెల్ల పొరను నిమిషంలో కరిగిస్తుంది, నిజమే. కానీ టైల్సు మధ్య సిమెంటులోనూ సున్నమే ఉంది, దాన్నీ కరిగిస్తుంది. సందుల్లోంచి నీళ్లు గోడలోకి దిగాక మేస్త్రీని పిలవాల్సిందే. అదే నేల మీద బ్లీచింగ్ పౌడరు కూడా ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర యుద్ధరంగంలో సైనికుల ఊపిరితిత్తులను కాల్చిన వాయువు అది. కిటికీ లేని చిన్న బాత్రూంలో ఈ రెండూ కలిపితే ప్రాణం మీదికి రావచ్చు.

కుళాయికి పట్టిన పొరకు యాసిడ్ అక్కర్లేదు. వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి చుట్టి, అరగంట ఉంచి రుద్దితే చాలు.