పరాయి దేశంలో స్వయంపోషక క్షేత్రం: టాల్‌స్టాయ్ ఫారం

ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహం 1906లో మొదలైంది. నాలుగేళ్లు గడిచేసరికి ఉద్యమానికి డబ్బు చిక్కు వచ్చిపడింది. జైలుకు వెళ్లినవారి కుటుంబాలకు నెలనెలా భత్యం పంపాలి. రతన్ టాటా 1909లో ఇచ్చిన 25,000 రూపాయల వంటి విరాళాలు ఉన్నా, పోరాటం ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. పైగా ఏ ఇంటికి ఎంత అవసరమో తేల్చడం కష్టం. అందరూ ఒకేచోట ఉండి, తమ తిండి తామే సంపాదించుకుంటే ఖర్చు తగ్గుతుందని గాంధీ ఆలోచించారు.

కాని భూమి ఎక్కడిది? సాగు, వంట, నీరు వంటి విషయాలకన్నా ముందు మీరు గమనించవలసింది ఇదే. 1904లో డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమానికి గాంధీ సుమారు వెయ్యి పౌన్లతో 100 ఎకరాలు కొనగలిగారు. నేటాల్‌లో భారతీయులు భూమి కొనవచ్చు. ట్రాన్స్‌వాల్‌లో ఆ వీలు లేదు. అక్కడి 1885 నాటి 3వ చట్టం ప్రకారం ఆసియావాసులు ప్రత్యేకంగా కేటాయించిన ప్రాంతాలలో తప్ప స్థిరాస్తి పొందరాదు. అందువల్ల గాంధీ మిత్రుడు, యూదు వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ తన 1,100 ఎకరాలను 1910 మే 30న అద్దె లేకుండా సత్యాగ్రహుల వాడకానికి ఇచ్చాడు. హక్కు ఆయనదే, అనుభవం వీరిది.

ఈ క్షేత్రం జోహాన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో, లాలీ స్టేషన్ సమీపంలో ఉంది. సుమారు వెయ్యి పండ్ల చెట్లు, రెండు బావులు, ఒక చిన్న ఊట ఉన్నాయి. ఊట నివాసాలకు 500 గజాల దూరం. నీళ్లు కావడితో మోయవలసిందే. రేకుల ఇళ్లు లేచేవరకు గుడారాలలో ఉన్నారు. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాది వారితోపాటు ఆంధ్రదేశం వారు కూడా అక్కడ నివసించినట్లు గాంధీ రాశారు. (నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిని ఇక్కడ గుర్తు చేసుకోండి.) నౌకర్లు లేరు. పాయిఖానా శుభ్రం చేయడం నుంచి వంట దాకా అందరూ చేయాలి. గోధుమలు తిరగలిలో విసిరి, పొట్టు తీయని పిండితో రొట్టె కాల్చేవారు. తోటలోని నారింజలతో మార్మలేడ్ చేసుకునేవారు. చెప్పులు కుట్టడం కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠంలో నేర్చుకుని వచ్చి గాంధీకి నేర్పాడు. సొంత పని మీద నగరానికి వెళ్లేవారు నడిచే వెళ్లాలి. తెల్లవారుజామున 2 గంటలకు బయలుదేరితే ఆరేడు గంటల ప్రయాణం. రైలు ఛార్జీ మిగలడమే కాదు, అనవసర ప్రయాణాలూ తగ్గాయి!

ఇది పూర్తి స్వయంపోషణేనా? కాదనే చెప్పాలి. భూమి ఒకరి దానం, నగదు విరాళం; కావలసినదంతా ఆ నేలలోనే పండలేదు. ఇక్కడ సాధించినది ఖర్చును శ్రమతో తగ్గించడం. జీతం లేని కుటుంబాలు పోరాటం విరమించకుండా నిలబడటానికి ఆ మేరకు చాలింది. అయితే టాల్‌స్టాయ్ ఫారం మూడేళ్లకు మించి సాగలేదు. ఫీనిక్స్ భూమి మాత్రం 1912లో ట్రస్టు కిందికి వెళ్లి, గాంధీ 1914లో దక్షిణాఫ్రికా విడిచిన తరవాత కూడా కొనసాగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఫీనిక్స్, టాల్‌స్టాయ్ ఫారాల భూమి హక్కులో తేడా ఏమిటి? ఆ తేడాకు ఏ చట్టం కారణం? 10 పంక్తులలో రాయండి.