కార్తిక పున్నమి పడవల ప్రశ్నలు

కార్తిక పౌర్ణమి నాడు మన సరిహద్దు పల్లెలలో ఒకే నీటిపైన రెండు ఆచారాలు కనిపిస్తాయి. తెలుగు ఇళ్ళ ఆడవారు అరటి దొప్పలో ఆవునేతి వత్తి వెలిగించి వదులుతారు. ఒడియా ఇళ్ళవారు అరటి పట్టతోనో, బెండుతోనో, రంగు కాగితంతోనో చిన్న ఓడ చేసి, అందులో దీపం, తమలపాకు, వక్క ఉంచి సాగనంపుతారు. దానికి 'బొయితొ బందాణ' అని పేరు. బొయితొ అంటే సముద్రంపై సాగే పెద్ద ఓడ. రామయ్యపట్నం, సోనపూర్, మార్కండి తీరాలలో పెరిగే పిల్లలు బడిలో ఒడియా, ఇంట తెలుగు నేర్చుకుంటూ ఈ రెండు దీపాలనూ చూస్తారు. ఉపవాసం విడిచి, చంద్రుని చూసి, వాకిట కూర్చున్న వేళ వారిని అడగదగిన ప్రశ్నలు కొన్ని జవాబులతో సహా ఇక్కడ ఇస్తున్నాము. మార్కులు లేవు. సరిగా చెప్పినవారికి మరొక గరిటె పాయసం వడ్డించవచ్చును.

ఓడలకు వీడ్కోలు కార్తికంలోనే ఎందుకు? పెద్దలు వెంటనే చెప్పగల జవాబు: గాలి మారుతుంది గనుక. వేసవి నుండి వానకాలం చివరి దాకా మన తీరంపై నైరుతి గాలిదే పెత్తనం. ఆశ్వయుజం దాటేసరికి అది తగ్గి, ఈశాన్యపు గాలి మొదలవుతుంది. ఒడ్డు వెంబడి నీటి వాలు కూడా ఇంచుమించు అదే వేళకు తిరుగుతుంది. ఫిబ్రవరి మొదలు నెలల తరబడి ఉత్తరానికి సాగిన ప్రవాహం అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. తెరచాప తప్ప వేరే బలంలేని రోజులలో గాలి, నీరు రెండూ ఒకే దిక్కుకు పోయే కాలం ఇదే. కళింగపు ఓడలు ఈ గాలిని పట్టుకొని లంక వైపు దిగి, అక్కడి నుండి సుమత్రా, జావా, బాలి ద్వీపాలకు పోయి, నైరుతి గాలితో తిరిగి వచ్చేవని చరిత్రకారులు వివరిస్తారు. కటకంలో మహానది ఒడ్డున ఈ పున్నమికి మొదలయ్యే బాలి జాత్రా పేరులో ఆ జ్ఞాపకమే ఉన్నది. ఒడియా పిల్లలు పడవ వదులుతూ పాడే పాట మొదట వచ్చే నాలుగు అక్షరాలు ఆషాఢ, కార్తిక, మార్గశిర, వైశాఖ మాసాలకు గుర్తులని చెబుతారు.

ఇంతవరకు బడి పుస్తకంలోని జవాబు. తీరాన పుట్టినవారు ఇక్కడ ఆగి ఒక మాట అడుగుతారు: అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం కూడా కదా? నిజమే. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపాన దాటిన తిత్లీ, అన్నీ ఈ రోజులలోనివే. అనుకూలమైన గాలి, ప్రాణాంతకమైన గాలి ఒకే ఋతువులో వస్తాయి. నీటిపై వదిలే దీపంలో మొక్కుతోపాటు భయమూ ఉన్నది. భాద్రపద ఆదివారాలలో ఒడియా కన్యలు చేసే ఖుదురుకుణి ఓషాలో చెప్పుకొనే తఅపొయి కథ కూడా ఓడ ఎక్కిన ఏడుగురు అన్నల కోసం, వదినల బాధలు పడుతూ ఒడ్డున ఎదురుచూసిన చెల్లెలి కథే.

ఇక పేరు గురించిన ప్రశ్న. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలమీ మన తీరంలో 'పలూర' అనే రేవును పేర్కొన్నాడు. తూర్పున ఉన్న సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్ళే చోటు దాని చెంతనే అని రాశాడు. ఆ పలూర ఏది? గంజాం జిల్లాలో ఋషికుల్య నదికి, చిలికా సరస్సుకు దగ్గరగా ఉన్న పాలూరు అని పలువురు పండితుల అభిప్రాయం. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ మరొక అడుగు ముందుకు వేశాడు. ద్రావిడ భాషలలో 'పల్' అంటే దంతం, 'ఊరు' అంటే ఊరే కాబట్టి పలూర అన్నది దంతపురానికే దేశిపేరు అన్నాడు. పలువరుస అనే మాట తెలిసిన తెలుగు పిల్లలకు ఈ ముడి విప్పడం కష్టం కాదు. దంతపురం కళింగ రాజధానిగా బౌద్ధ గ్రంథాలలో ప్రసిద్ధం. అయితే శ్రీకాకుళం జిల్లాలోనూ ఒక దంతపురం ఉన్నది. అక్కడి కోట దిబ్బలో తవ్వకాలు కూడా జరిగాయి. ఏది అసలుదన్న వాదం తెగలేదు. సరిహద్దుకు చెరొక వైపున ఉన్న ఆ రెండు చోట్లూ 1936 ఏప్రిల్ 1 వరకు ఒకే మద్రాసు రాజధానిలో, ఒకే గంజాం జిల్లాలో ఉండేవి గనుక తగవు మనకు అంత ముఖ్యం కాదు.

దీనికి అనుబంధంగా ఒక తిరకాసు ప్రశ్న: కళింగ రాకుమారి హేమమాల బుద్ధుని దంతాన్ని కొప్పులో దాచుకొని, భర్త దంతకుమారునితో లంకకు పోయినపుడు ఏ రేవులో ఓడ ఎక్కింది? అందరూ కళింగ రేవు పేరే చెబుతారు. పాళీ భాషలోని దాఠావంసం చెప్పేది తామ్రలిప్తి, అంటే నేటి పశ్చిమ బెంగాలులోని తమ్లుక్ ప్రాంతం.

సాహిత్యంలోకి వద్దాం. కళింగరాజును మహేంద్రగిరికీ, మహాసముద్రానికీ అధిపతి అన్న కవి ఎవరు? కాళిదాసు, రఘువంశం ఆరవ సర్గలో. ఇందుమతీ స్వయంవరంలో చెలికత్తె సునంద కళింగ ప్రభువు హేమాంగదుని చూపుతూ, తాటితోపులు గలగలలాడే అతని తీరాన విహరించమని, దూరద్వీపాల లవంగపూలను మోసుకువచ్చే గాలి చెమట తుడుస్తుందని ఊరిస్తుంది. లవంగం మన నేలది కాదు. వేల మైళ్ళ అవతలి మలుకు దీవులది. ఆ సరుకు ఎంత దూరం నుండి వస్తుందో కవికి తెలుసునన్న మాట. కవి చెప్పిన కొండ మనకు కొత్తది కాదు. 1501 మీటర్ల ఎత్తు గల మహేంద్రగిరి గజపతి జిల్లాలో ఉన్నది. వేటకు పోయినవారు ఒడ్డున కొండలను, గుడి శిఖరాలను గురుతు పెట్టుకొని తమ చోటు లెక్కించుకోవడం తెలిసినదే.

ఒడియా బడిలో చదివే పిల్లలకు ఒకటి: ఓడల తెరచాపల కుట్టుపని దగ్గర బాల్యంలో పనిచేసిన మహారచయిత ఎవరు? 1843లో బాలేశ్వరంలో పుట్టిన ఫకీర్ మోహన్ సేనాపతి. ఉప్పు ఓడలతో కళకళలాడిన ఆ రేవు ఎలా పాడుబడిందో ఆయన స్వీయచరిత్రలో నమోదైంది. తెలుగు వైపు నుండి మరొకటి: గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకు రాజులు స్వాధీనం చేసుకునే పద్ధతిని మాన్పి, వర్తకులకు అభయమిచ్చిన రాజు ఎవరు? కాకతి గణపతిదేవుడు, 1244 నాటి మోటుపల్లి శాసనంలో.

ఈ జవాబులన్నిటిలోనూ రాజు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, కవి ఉన్నాడు. ఓడ నడిపినవాడు ఎక్కడ?

అందుకే ఈ ప్రశ్న: గోపాల్‌పూర్‌లో స్టీమరు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేస్తే, మనుషులను, మూటలను కెరటాల మీదుగా చేర్చినది ఏ పడవ? మసూలా అని ఇంగ్లీషు దొరలు రాసిన కుట్టుపడవ. దానికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాటితో కుడతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు బిగుసుకొని పగులుతుంది. కుట్టుపడవ వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. దానిని నడిపినవారు మన వాడబలిజ, జాలరి కుటుంబాలవారు, ఒడియావారు నోళియా అని పిలిచే తెలుగువారు. రంగం పోయే కూలీలు, ఉత్తరాంధ్ర నుండి, గంజాం నుండి బయలుదేరినవారు, స్టీమరు ఎక్కేందుకు ముందు ఈ పడవే ఎక్కారు. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపానువారి బాంబులు పడిన తరువాత వేలమంది అడవిదారిన కాలినడకన తిరిగి వచ్చారు. ఆ కథలు ఉన్న ఇళ్ళు మన వైపు ఇంకా ఉన్నాయి.

తేలికగా ఒకటి: వార్తలలో వినే రామాయపట్నం ఓడరేవు మన రామయ్యపట్నమేనా? కాదు. అది వేరొక చోటిది. పేరు చూసి ఉద్యోగానికి దరఖాస్తు రాసేవారు జాగ్రత్త!

చివరి ప్రశ్నకు జవాబు మేము అచ్చు వేయడం లేదు. తెరచాప దించి మోటారు బిగించక ముందు మీ ఇంటి తెప్పకు ఉన్న ఒక్కొక్క దుంగ పేరేమి? ఏ దిక్కు గాలిని మీ తాత ఏ పేరుతో పిలిచేవాడు? కెరటం దాటే క్షణాన తండేలు ఏమని కేక వేసేవాడు? బడి పుస్తకం తెలుగైనా ఒడియా అయినా ఈ మాటలు అందులో దొరకవు. పున్నమి రాత్రి పెద్దవారు మేలుకొనే ఉంటారు. పిల్లలు ఒక నోటు పుస్తకం, కలం తెచ్చుకొని, తెలుగు లిపి రాకపోతే ఒడియా లిపిలోనైనా సరే, వారు చెప్పినట్లే రాసుకోవాలి.