"నేనే" అంటే సరిపోతుందా?

రాత్రిపూట ఎవరైనా తలుపు తడితే లోపలి నుంచి అమ్మ "ఎవరూ?" అని అడుగుతుంది. బయటి నుంచి "నేనే!" అని జవాబు వస్తుంది. ఆలోచించి చూడండి, ఆ జవాబులో కొత్త సంగతేమీ లేదు. లోకంలో ప్రతివాడూ "నేనే"! అయినా అమ్మ వెంటనే గడియ తీస్తుంది. ఆమె నమ్మింది మాటను కాదు, గొంతును.

ఇప్పుడు మీ నాన్నగారు సెల్‌ఫోనులో బ్యాంకు పేజీ తెరిచారనుకోండి. ఆ పేజీ కూడా "నేనే, మీ బ్యాంకును" అంటుంది. కాని ఫోనుకు చేరేది గొంతూ కాదు, ముఖమూ కాదు. సున్నాలు, ఒకట్లు మాత్రమే. కాగితం మీద సంతకాన్ని ఫోర్జరీ చేస్తే తేడా కనిపెట్టే నిపుణులున్నారు. సున్నాలకూ ఒకట్లకూ నకలు తీస్తే మాత్రం అసలుకూ నకలుకూ తేడాయే ఉండదు. బ్యాంకు బొమ్మ, రంగులు, అక్షరాలు అన్నిటినీ ఏ మోసగాడైనా నిమిషాల్లో దించేయగలడు.

మరి అవతల ఉన్నది అసలు బ్యాంకేనని ఫోను ఎలా తెలుసుకుంటుంది? దీన్ని తేల్చడమే వృత్తిగా పెట్టుకున్నవారు ఉన్నారు. వాళ్ళు చేసే పని ఏమిటో, ఆ పనిలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చూద్దాం.

రహస్యం చెప్పకుండా రుజువు

ఇద్దరికే తెలిసిన రహస్యపు మాట ఒకటి పెట్టుకుంటే సరిపోదా అని మీకు తోచవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. రుజువు చేసుకోవాలంటే ఆ మాట బయటపెట్టాలి. ఒకసారి బయటపెట్టాక విన్నవాడు కూడా దాన్ని వాడుకోగలడు. అంటే మనకు కావలసింది రహస్యాన్ని చెప్పడం కాదు. రహస్యం మన దగ్గర ఉన్నదని, దాన్ని చెప్పకుండానే చూపించడం.

ఇది సాధ్యమేనని 1976లో అమెరికా శాస్త్రజ్ఞులు డిఫీ, హెల్‌మన్ ఒక వ్యాసంలో సూచించారు. మరుసటి ఏడాది, 1977లో, రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు అందుకు తగిన లెక్క కనిపెట్టారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్.ఎస్.ఎ. పద్ధతి అంటారు. ఆ లెక్క మీరు కూడా చేయగలరు. కాగితం, పెన్సిలు తీసుకోండి.

రెండు ప్రధాన సంఖ్యలు 3, 11 తీసుకుందాం. వీటి లబ్ధం 33. ఒక్కొక్కదాని నుంచి ఒకటి తీసివేసి గుణిస్తే 2 × 10 = 20. ఇప్పుడు ఏ రెండు సంఖ్యల లబ్ధాన్ని 20తో భాగిస్తే శేషం 1 వస్తుందో వెతకాలి. 3, 7 సరిపోతాయి, ఎందుకంటే 3 × 7 = 21. బ్యాంకు 33నూ 3నూ లోకమంతటికీ చాటుతుంది. 7ను మాత్రం ఎవరికీ చెప్పదు.

మీ ఫోను "నువ్వు నిజంగా బ్యాంకువైతే 4కు జవాబు చెప్పు" అని అడిగిందనుకోండి. బ్యాంకు 4ను ఏడుసార్లు వేసి గుణిస్తుంది: 16,384. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఆ 16ను పంపుతుంది. ఫోను 16ను మూడుసార్లు వేసి గుణిస్తుంది: 4,096. 33తో భాగిస్తే శేషం 4! అడిగిన సంఖ్యే తిరిగి వచ్చింది. 7 తెలిసినవాడే ఆ జవాబు చెప్పగలడు కాబట్టి అవతల ఉన్నది బ్యాంకే. ఇంతలోనూ 7 అనే అంకె బ్యాంకు గడప దాటలేదు.

దారిలో పొంచి ఉన్న దొంగ ఆ 16ను రాసి పెట్టుకుంటే? ప్రయోజనం లేదు. ఫోను ప్రతిసారీ కొత్త సంఖ్య అడుగుతుంది. ఈసారి 5 అడిగితే జవాబేమిటో మీరే కట్టండి. 14 వస్తే మీ లెక్క సరైనదే.

"33ను 3 × 11గా విడదీసి నేనూ 7ను కనుక్కోగలను కదా!" అని మీలో చురుకైనవారు అంటారు. నిజమే. అందుకే నిజమైన పనిలో 33 వంటి చిన్న సంఖ్యలు వాడరు. ఆర్.ఎస్.ఎ. పద్ధతిలో సాధారణంగా 617 అంకెల సంఖ్యలు వాడతారు. 2020లో శాస్త్రజ్ఞులు 250 అంకెల సంఖ్య ఒకదాన్ని విడదీశారు. అనేక కంప్యూటర్లు కలిసి చేసిన ఆ పనిని ఒకే ఒక్క కంప్యూటరు కోరుకు అప్పగిస్తే దాదాపు 2,700 సంవత్సరాలు పట్టేది. ఇక 617 అంకెల సంగతి ఊహించుకోండి.

గెజిటెడ్ ఆఫీసరు సంతకం

లెక్క గట్టిదే. కాని ఇంకో ప్రశ్న మిగిలింది. ఆ 33, 3 బ్యాంకువేనని మీకెవరు చెప్పారు? మోసగాడు తన సంఖ్యలు తానే తయారు చేసుకుని "ఇవి బ్యాంకు సంఖ్యలు" అని చాటవచ్చు. అప్పుడు లెక్క తప్పకుండా సరిపోతుంది, మనిషి మాత్రం దొంగ!

మార్కుల జాబితా నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించడం మీ ఇళ్ళలో పెద్దలకు తెలుసు. అసలు కాగితం చూసి, నకలుతో పోల్చి, ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తాడు. చూసేవాళ్ళు నమ్మేది ఆయన సంతకాన్ని. ఇంటర్నెట్టులో ఆ పని చేసేవాటిని ధ్రువీకరణ సంస్థలు అంటారు. "ఫలానా చిరునామా గల పేజీ సంఖ్యలు ఇవి, ఫలానా తేదీ వరకు చెల్లుతాయి" అని ఒక ధ్రువపత్రం రాసి, దాని మీద ఆ సంస్థ తన రహస్య సంఖ్యతో సంతకం చేస్తుంది. సంతకం చేయడమంటే పైన మనం చేసిన లెక్కే. నమ్మదగిన సంస్థల జాబితా మీ ఫోనులో ముందే ఉంటుంది.

ఈ సంస్థల్లో పనిచేసేవారి బాధ్యత రెండు విధాలు. మొదటిది, ధ్రువపత్రం అడిగినవాడు ఆ చిరునామాకు నిజమైన యజమాని అవునో కాదో తేల్చడం. "మేమిచ్చిన ఈ గుర్తును నీ పేజీలో పెట్టి చూపించు" అంటారు. యజమాని కానివాడు అక్కడ ఏమీ పెట్టలేడు. రెండవది, తమ రహస్య సంఖ్యను కాపాడుకోవడం. దాన్ని ప్రత్యేకమైన పరికరంలో ఉంచుతారు. పరికరం లోపలే లెక్క జరుగుతుంది, సంఖ్య బయటికి రాదు. ముఖ్యమైన సంతకాలు చేసేటప్పుడు ఒక్క మనిషి చాలడు. బ్యాంకు లాకరుకు మీ తాళంచెవి, మేనేజరు తాళంచెవి రెండూ కావలసినట్టే, ఇక్కడా కొందరు కలిసి ఉంటేనే పరికరం పనిచేస్తుంది.

2011లో నెదర్లాండ్స్‌లో జరిగింది

ఈ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2011లో తెలిసింది. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థ ఉండేది. ఆ దేశ ప్రభుత్వ శాఖలు కూడా దాని ధ్రువపత్రాలు వాడేవి. ఆ ఏడాది జూన్‌లో ఎవరో ఆ సంస్థ కంప్యూటర్లలో చొరబడ్డారు. జులైలో ఐదు వందలకు పైగా దొంగ ధ్రువపత్రాలు తయారు చేసుకున్నారు. అందులో ఒకటి గూగుల్ పేరుతో ఉంది.

జులై 19న సంస్థకు సంగతి తెలిసింది. తన కంటికి కనిపించిన దొంగ పత్రాలను రద్దు చేసి, బయట ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. గూగుల్ పేరుతో ఉన్నది దాని కంట పడలేదు.

ఇరాన్‌లో జనం తమ ఉత్తరాలు చూసుకోవడానికి గూగుల్ పేజీ తెరుస్తున్నారు. మధ్యలో ఎవరో కూర్చుని "నేనే గూగుల్‌ను" అని ఈ దొంగ పత్రం చూపించారు. పత్రం మీద సంతకం అసలైనదే. కంప్యూటర్లు నమ్మాయి. ఆగస్టు చివర ఇరాన్ వాసి ఒకరికి క్రోమ్ బ్రౌజరులో హెచ్చరిక కనిపించింది. గూగుల్ తన పేజీలకు ఏ పత్రాలు చెల్లుతాయో ఆ బ్రౌజరులో ముందే రాసి పెట్టింది కాబట్టి అది పట్టుబడింది. ఆయన ఆ సంగతి నలుగురికీ తెలిసేలా రాశాడు. అప్పుడు గాని దొంగతనం బయటపడలేదు. పరిశోధకులు లెక్క చూస్తే సుమారు 3 లక్షల ఇంటర్నెట్ చిరునామాల నుంచి వచ్చినవారు, దాదాపు అందరూ ఇరాన్‌వాళ్ళే, ఆ దొంగ పత్రం బారిన పడ్డారని తేలింది. తమ ఉత్తరాలు ఎవరో చదవగలిగారని వాళ్ళకు తెలియనే తెలియదు.

బ్రౌజర్లన్నీ డిజినోటార్ పేరును తమ జాబితాల నుంచి కొట్టేశాయి. సెప్టెంబరు 20న సంస్థ దివాలా తీసింది. దొంగ చొరబడడం ఒక తప్పు. తెలిసీ దాచడం అంతకంటే పెద్ద తప్పు. మొదటి రోజే నలుగురికీ చెప్పి ఉంటే ఎందరో బయటపడేవారు.

గోడ మీద జాబితా

ఓటర్ల జాబితాను అందరూ చూసేలా ఎందుకు అంటిస్తారు? దొంగపేరు చేరితే ఎవరో ఒకరు చూసి అభ్యంతరం చెబుతారని. నిపుణులు ధ్రువపత్రాలకూ ఈ ఉపాయమే చేశారు. ఇచ్చిన ప్రతి పత్రాన్నీ బహిరంగ చిట్టాలో రాయాలని 2013లో ఒక పద్ధతి ప్రకటించారు. చిట్టాలో లేని కొత్త పత్రాలను క్రోమ్ 2018 నుంచి నమ్మడం మానేసింది. ఈ చిట్టాలను ఎవరైనా చూడవచ్చు, మీరు కూడా.

ఈ ప్రమాదం మనకు దూరమైనదేమీ కాదు. 2014లో మన దేశంలోనే, జాతీయ సమాచార కేంద్రం ధ్రువపత్రాలిచ్చే వ్యవస్థ నుంచి గూగుల్ పేరుతో అక్రమ పత్రాలు వెలువడ్డాయి. సంగతి తెలిసిన మరుసటి రోజే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద ఏర్పడిన నియంత్రణాధికారి ఆ కేంద్రానికి ఇచ్చిన ధ్రువపత్రాలను రద్దు చేశారు. డిజినోటార్ వారాల తరబడి దాచిన చోట, ఇక్కడ ఒక్క రోజులో తాళం పడింది.

పేరు వేరు, బుద్ధి వేరు

చివరగా మీరు బాగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ధ్రువపత్రం చెప్పేది పేరు గురించి మాత్రమే. మంచితనం గురించి కాదు. మోసగాడు బ్యాంకు పేరులో ఒక అక్షరం మార్చి కొత్త చిరునామా కొనుక్కుంటే, ఆ చిరునామాకు అతడే యజమాని. అతడికీ సక్రమమైన ధ్రువపత్రమే దొరుకుతుంది. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే పేజీ మంచిదని జనం పొరబడుతున్నారనే, క్రోమ్ 2023లో ఆ బొమ్మను మార్చేసింది.

ఈ చిక్కుకు మందుగానే మన రిజర్వు బ్యాంకు, దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపుకు మార్చుకోవాలని ఆదేశించింది. ఆ ముగింపును ఎవరికి పడితే వారికి అమ్మరు. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థ ఒక్కటే, అదీ బ్యాంకులకే, దాన్ని కేటాయిస్తుంది.

ఫోనుకు వచ్చే ఓ.టి.పి. సంగతీ ఇలాంటిదే. అక్కడ పరీక్ష రాసేది బ్యాంకు కాదు, మీరు. "నువ్వు నిజంగా నువ్వేనా?" అని బ్యాంకు అడిగితే మీరు చెప్పే జవాబు అది. ఫోనులో ఎవరో బ్యాంకువాళ్ళమంటూ అడిగారని ఆ అంకెలు చెబితే, వేలిముద్ర వేసే బొటనవేలిని అరువిచ్చినట్టే. ఇంత గణితం, ఇందరు నిపుణుల కావలి, ఆ ఒక్క మాటతో వృథా అవుతాయి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దల అనుమతితో వారి బ్యాంకు పేజీ తెరిచి, చిరునామా పక్కనున్న గుర్తును నొక్కండి. ధ్రువపత్రం ఎవరి పేరున ఉంది, ఎవరు ఇచ్చారు, ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్న మూడు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి. చిరునామా ఎలా ముగుస్తుందో కూడా చూడండి. తర్వాత అదంతా అమ్మకూ, తాతయ్యకూ వివరించండి. మోసగాళ్ళు ఎక్కువగా ఫోను చేసేది వాళ్ళకే.