కాలి కంటే ముందు నేల చూడండి

28 రోజులు ఎదురుచూశాక పెంకు పగిలింది. తడి నూగుతో బయటపడ్డ టర్కీ పిల్లలు తెల్లారేసరికి ఆరి, ఉండల్లా తయారయ్యాయి. నాలుగు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒకటి మాత్రం లేవదు. లేవబోయినప్పుడల్లా రెండు కాళ్లూ చెరో పక్కకీ జారిపోయి పొట్ట నేలకు ఆనుతుంది. ఇంకొకటి వెల్లకిలా పడి, కాళ్లు గాల్లో కొట్టుకుంటూ గొంతు పోయేలా అరుస్తోంది. ఇంట్లో ఎవరో ఒకరు చూసి “అది బతకదులే, పక్కన పెట్టు” అంటారు.

చాలాసార్లు ఆ మాట తొందరపాటే. పడిపోవడం జబ్బు పేరు కాదు, పైకి కనిపించే లక్షణం మాత్రమే. కారణం పిల్లలో ఉందా, మనం దాని కింద పరిచినదానిలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండోదే అయితే మొదటి రెండు మూడు రోజుల్లో సరిచేయడం కష్టం కాదు. వారం దాటితే మాత్రం ఎముక ఆ వంకరలోనే గట్టిపడిపోతుంది.

మన ఊళ్లలో టర్కీని సీమకోడి అని కూడా అంటారు. సీమచింత, సీమవంకాయల్లాగే ఇదీ బయటినుంచి వచ్చిందే. పేరులో టర్కీ ఉన్నా పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంలో మచ్చికై, 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల చేతుల మీదుగా యూరప్ చేరింది. నాటుకోడి పిల్లకూ దీనికీ పోలిక రూపంలోనే. దీనికి వెచ్చదనం, మాంసకృత్తులు ఎక్కువ కావాలి, తిండీ నీళ్లూ మనం చూపించాలి. దీన్ని కోడిపిల్లలాగే చూడటంతోనే సగం తంటాలు మొదలవుతాయి.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

గుడ్డులోంచి వచ్చిన మొదటి కొన్ని గంటలు ప్రతి పిల్లా తూలుతుంది. పెంకు పగలగొట్టుకోవడానికి అది పడ్డ పాటు చిన్నది కాదు. కడుపులోకి లాక్కున్న పచ్చసొన రెండు రోజుల దాకా ఆధారంగా ఉంటుంది కాబట్టి ఆకలితో పోతుందన్న భయం వెంటనే అక్కర్లేదు. తడారని పిల్లను పట్టుకుని కాళ్లు లాగి చూడొద్దు. ఒక రోజు గడిచి, తోటివన్నీ నడుస్తున్నా ఇది నడవకపోతే అప్పుడు చేతిలోకి తీసుకోండి.

వెల్లకిలా పడ్డదాని విషయంలో ఆగకూడదు. టర్కీ పిల్లల్లో ఇది తరచూ కనిపించే ఇబ్బందే. పొదిగే పెట్టెలో చివరి రోజుల్లో వేడి ఎక్కువైనా, గాలి సరిగా ఆడకపోయినా నీరసపడ్డ పిల్లలు ఇలా తిరగబడతాయి. తమంతట తాము లేవలేక, కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి చచ్చిపోతాయి. చూసిన వెంటనే మెల్లగా తిప్పి కూర్చోబెట్టాలి. గుడ్డను చుట్టలా చుట్టి రెండు పక్కలా ఆనిస్తే మళ్లీ దొర్లిపోదు.

ముందు నేల

కొత్త పిల్లలు వరి ఊక తినేస్తాయని దాని మీద పాత పేపరు పరుస్తాం. ఉద్దేశం మంచిదే. కానీ పేపరు నున్నగా ఉంటుంది, రెట్ట పడి తడిస్తే ఇంకా జారుతుంది. 50 గ్రాముల బరువుండే పిల్లకు తొడ కండరాలు అప్పటికింకా లేతవి. పాదం జారిన ప్రతిసారీ కాళ్లు ఎడమవుతాయి, తుంటి దగ్గర పట్టు సడలుతుంది. ఒకటి రెండు రోజులకు కాళ్లు ఎడంగా పెట్టడమే దానికి అలవాటైపోతుంది. ప్లాస్టిక్ టబ్బు, టైల్స్ గచ్చు, నున్నటి అట్టపెట్టె, అన్నిటితోనూ ఇదే కథ.

అట్టపెట్టె పైపొర చీల్చితే లోపల ముడతల పొర బయటపడుతుంది. గోళ్లకు పట్టు దొరికేందుకు అది చాలు. గరుకు నేత పాత దుప్పటి ముక్క అయినా సరే, అంచు దారాలు మాత్రం కత్తిరించేయాలి, వేలికి చుట్టుకుంటాయి. పిల్లలు దాణాను గుర్తుపట్టి తినడం మొదలుపెట్టాక, నాలుగైదు రోజులకు, ఊక మీదికి వదలొచ్చు.

తర్వాత వేడి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఉక్క. సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. బల్బు వెలుగుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుంది గానీ పిల్లను కాచేంత వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంటు బల్బో, వేడికోసమే చేసిన దీపమో ఉండాలి. చలికి బిగుసుకున్న పిల్ల కూడా కాళ్లు లేనట్టే పడి ఉంటుంది. గంటసేపు వెచ్చగా ఉంచితే అసలు సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు కాలు

నేల, వేడి సరిచేశాక పిల్లను అరచేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడండి. రెండు కాళ్లూ నిటారుగానే ఉండి చెరో పక్కకీ పోతుంటే అది జారుడు వల్ల వచ్చిందే. దీనికి చేతివైద్యం పనిచేస్తుంది. కాళ్లు బాగుండి వేళ్లు పిడికిలిలా లోపలికి ముడుచుకుంటే బి2 విటమిన్, అంటే రైబోఫ్లావిన్, లోటు అనుకోవచ్చు. తల్లికోడి మేతలోనే అది తక్కువై ఉంటుంది. మెడ వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తుంటే బి1 లోటు కావచ్చు. పాడై కంపు కొట్టే దాణా పెట్టినప్పుడు విటమిన్ ఇ నశించి, మెదడు దెబ్బతిని పిల్లలు తూలి పడటం కూడా ఉంది. ఇలాంటివాటికి పశువైద్యుడిని అడిగి కోళ్లకు వాడే విటమిన్ల ద్రావణం నీళ్లలో కలపాలి. మోతాదు సొంతంగా పెంచొద్దు.

మడమ కీలు ఉబ్బి, ఒక కాలు పక్కకు తిరిగిపోతే అక్కడి నరం గాడి తప్పిందన్నమాట. మాంగనీసు, కోలీన్ లోటుతో ఎక్కువగా ఎదిగే వయసులో వస్తుంది. మొదట్లోనే చూస్తే వైద్యుడు వెనక్కి జరపగలరేమో గానీ, ఆలస్యమైతే ఆశ తక్కువ. బొడ్డు తడిగా, వాసనగా ఉంటే లోపల చీము పట్టినట్టు. ఒకేసారి చాలా పిల్లలు వణుకుతున్నా, మెడలు తిప్పుకుంటున్నా కొక్కెర తెగులులాంటి అంటురోగాన్ని అనుమానించాలి. అప్పుడు ఇంటి చిట్కాలు కట్టిపెట్టి నేరుగా పశువుల ఆసుపత్రికి వెళ్లాలి.

కట్టు ఎలా కట్టాలి

కావలసింది మందుల షాపులో దొరికే, చిన్న గాయాలకు అంటించే గుడ్డ బ్యాండేజీ ఒక్కటే. పొడవునా సగానికి కత్తిరించండి. ఒకరు పిల్లను పట్టుకుంటే ఇంకొకరు కట్టాలి. మధ్యలోని మెత్తటి భాగం రెండు కాళ్ల నడుమకు రావాలి. అతుక్కునే కొసను మడమకు కింద, పాదానికి పైన చుట్టి, దానికే అంటించాలి. రెండో కాలికీ అంతే. పాదాలు సరిగ్గా ఒంటికింద, రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. మరీ దగ్గరైతే బోర్లా పడుతుంది, దూరమైతే కట్టి లాభం లేదు. దారం, రబ్బరు బ్యాండు వాడొద్దు, చర్మంలోకి కోసుకుపోయి పాదానికి రక్తం అందదు.

మొదటి గంట పిల్ల తెగ గింజుకుంటుంది, పడుతుంది. చేత్తో పొట్ట కింద ఆసరా ఇచ్చి నిలబెడుతూ ఉండండి. రోజుకోసారి కట్టు తీసి వాపుందేమో చూసి, మళ్లీ వేయాలి. ఎదిగే పిల్ల కాలికి నిన్నటి కట్టు ఇవాళ బిగుతవుతుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. బాగా నీరసంగా ఉండి కట్టు ఓర్చుకోలేని పిల్లను టీకప్పులో మెత్తటి గుడ్డ పెట్టి, కాళ్లు కిందికి మడిచి, తల పైకుండేలా అరగంట కూర్చోబెట్టొచ్చు. గుడ్డులో ఉన్నట్టే ఉంటుంది, కాళ్లు పక్కలకు పోవడానికి చోటుండదు. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి.

తోటివి తొక్కకుండా, పొడవకుండా దాన్ని వేరుగా ఉంచాలి. కానీ ఒంటరిగా ఉంచితే అరిచి అరిచి సొమ్మసిల్లుతుంది. మధ్యలో జాలీ ముక్క అడ్డం పెడితే మిగతావి కనిపిస్తాయి, వాటి అలికిడి వినిపిస్తుంది.

కడుపు మాట

నిలబడలేని పిల్ల కాలి జబ్బుతో చచ్చేది తక్కువ, నీళ్లూ దాణా అందక చచ్చేదే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న టర్కీ పిల్లలే పళ్లెం ముందు నిలబడి ఆకలితో పోతాయి, అది తిండి అని వాటికి తెలియదు. పళ్లెం మీద వేలితో టక్‌టక్‌మని కొట్టాలి, నీళ్ల గిన్నెలో రంగు గోళీలు వేయాలి. మెరుపు చూసి పొడుస్తాయి, ముక్కు తడుస్తుంది, దాహం తెలుస్తుంది. గోళీలుంటే పడి మునిగే భయమూ తప్పుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పెంపకందార్లకు చెప్పే లెక్క ఇది: మొదటి 15 రోజులు లీటరు నీళ్లకు 100 మిల్లీలీటర్ల పాలు, 10 పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు. దాణాలో మాంసకృత్తులు 28 శాతం దాకా ఉండాలి. మామూలు కోడిపిల్లల దాణాలో అంత ఉండదు.

లేవలేని పిల్లకు నీటి చుక్కను ముక్కు పక్కన అంచుకు తాకిస్తే చాలు, అదే చప్పరిస్తుంది. నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి, బతికే పిల్ల కాస్తా పోతుంది.

నాలుగైదు రోజులు ఇంత చేసినా నిలబడక, తినక, రోజురోజుకూ బరువు తగ్గితే ఇక దాన్ని బాధపెట్టకుండా వైద్యుడి సాయంతో సాగనంపడమే దయ. అలా కాకుండా కట్టు తీశాక నాలుగడుగులు వేస్తే, దాన్ని మందలో కలిపే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. పెద్ద హేచరీల్లో పిల్లల చురుకు చూడటానికి చేసేదే. అరచేతిలో మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి వదలండి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోగా తనంతట తాను తిరిగి లేచిందా, జాలీ తీసేయండి.