వత్తి యెందుకు మాడును?

ప్రమిదలో నూనె ఉన్నంతసేపు దీపపు వత్తి చాలవరకు అట్లే నిలిచియుండును. కొనయందు మాత్రము కొంచెము నల్లబడును. నూనె అయిపోగానే ఆ వత్తియే ఎర్రగా రాజుకొని, కమురు వాసన కొట్టుచు, కొద్దిసేపటిలో బూడిద అగును. ప్రత్తి అదే, మంట అదే. మారినది తడి ఒక్కటే. ఈ చిన్న విషయములో ఇమిడియున్న భౌతికశాస్త్రము తెలిసినచో, విద్యుత్ సిగరెట్టు అను నవీన పరికరములో తరచుగా వినవచ్చు "కాయిల్ మాడినది" అను ఫిర్యాదుకు కారణము సులభముగా బోధపడును.

ద్రవము ఆవిరిగా మారుటకు ఉష్ణము కావలెను. అట్లు మారుచున్నంతసేపు మనమందించు ఉష్ణమంతయు ఆ పనికే ఖర్చగును గాని ఉష్ణోగ్రతను పెంచుటకు మిగులదు. దీనినే గుప్తోష్ణమందురు. పలుచని కాగితపు దొన్నెలో నీరు పోసి సన్నని మంటపై జాగ్రత్తగా ఉంచినచో నీరు మరుగును గాని, నీరు తగులుచున్న చోట కాగితము అంటుకొనదు. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుచుండగా కాగితము అంటుకొనుటకు 200 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. మన ఇండ్లలోని అన్నము వండు విద్యుత్ కుక్కరు కూడ ఈ సూత్రము మీదనే పనిచేయును. నీరు ఉన్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీల దరిదాపులనే ఉండును. నీరు ఇంకిపోగానే వేడి పైకెగయును. అడుగున ఉన్న అయస్కాంతము తన ఆకర్షణశక్తిని కోల్పోయి మీట పడిపోవును.

ఇక పరికరము సంగతి. పొగాకు లేని, పొగ లేని సిగరెట్టునకు అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అను నతడు 1965లో పేటెంటు పొందెను గాని అది బజారునకు రాలేదు. నేడు వాడుకలో ఉన్న రకమునకు మూలపురుషుడు చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హాన్ లిక్. అతడు 2003లో దీనిని రూపొందించెను. అతని తొలి నమూనాలో ద్రవమును తుంపరలు చేయుటకు అతిధ్వని తరంగములను వాడిరి. వేడి తీగచుట్ట తరువాత వచ్చి స్థిరపడినది. భారతదేశములో 2019 నాటి చట్టము ఈ పరికరముల తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిల్వను, ప్రకటనలను నిషేధించినది. బ్రిటనులో మాత్రము పెద్దలకు అమ్ముట చట్టసమ్మతమే. చదువులకై అచ్చటికి పోవు మన యువకులకు ప్రతి వీధిలోను ఇవి కనబడును. వారిలో కొందరు వేయు ప్రశ్న ఇది: కొత్త కాయిల్ వేసిన పూటనే మాడువాసన ఏల వచ్చును? ప్రశ్న మంచిది. వాడుక మంచిదని మాత్రము దాని అర్థము కాదు.

లోపల ఉన్నవి మూడే వస్తువులు: ఒక బ్యాటరీ, ఒక తీగచుట్ట, దానికి అంటియుండు ప్రత్తి. ప్రత్తి ఒక చిన్న తొట్టిలోని ద్రవమును పీల్చుకొనును. ద్రవములో ముఖ్యభాగము ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వానిలో నికోటిను, వాసన ద్రవ్యములు కలుపుదురు. మొదటిది 188 డిగ్రీల వద్ద, రెండవది 290 డిగ్రీల వద్ద మరుగును. మిశ్రమము ఈ రెంటికి నడుమ మరుగును. తీగను సాధారణముగా కాంతాల్ అను మిశ్రలోహముతోగాని, నిక్రోముతోగాని చేయుదురు. కాంతాల్ లో ఇనుము, క్రోమియము, అల్యూమినియము ఉండును. అది వేయి డిగ్రీలు దాటిన వేడిని కూడ ఓర్చుకొనును. కావున "కాయిల్ మాడినది" అనుమాట సరియైనది కాదు. తీగ చెక్కుచెదరదు. మాడునది ప్రత్తి.

ఇప్పుడు వాట్ల లెక్క చూతము. వోల్టేజిని దానిచేతనే గుణించి, వచ్చినదానిని నిరోధముచే భాగించినచో సామర్థ్యము వాట్లలో వచ్చును. లిథియం బ్యాటరీ వోల్టేజి సుమారు 3.7. తీగ నిరోధము 1.2 ఓములైనచో సామర్థ్యము 11 వాట్లకు కొంచెము పైన, 0.5 ఓములైనచో 27 వాట్లు, 0.2 ఓములైనచో 68 వాట్లు. నిరోధము తగ్గినకొలది వేడి పెరుగుట కొందరికి వింతగా తోచును. వోల్టేజి మారనప్పుడు నిరోధము తగ్గిన ప్రవాహము హెచ్చును గదా!

ఒక మిల్లీగ్రాము ద్రవమును గది వేడిమి నుండి మరుగు స్థానమునకు తెచ్చి ఆవిరి చేయుటకు సుమారు ఒకటి, ఒకటిన్నర జౌళ్ల శక్తి పట్టును. 10 వాట్ల వద్ద మూడు సెకండ్లు పీల్చినచో 30 జౌళ్లు ఖర్చగును. తీగకును, గాలికిని పోవు వేడిని లెక్కింపకున్నచో, దానికి 20 నుండి 30 మిల్లీగ్రాముల ద్రవము కావలెను. అదే తీగను 40 వాట్లకు పెంచినచో ఆ మూడు సెకండ్లలోనే దానికి నాలుగింతలు ద్రవము ప్రత్తి గుండ నడచి రావలెను. వచ్చినచో ఇబ్బంది లేదు, తొట్టి త్వరగా ఖాళీ అగును, అంతే. రానిచో ప్రత్తి ఎండును. గుప్తోష్ణపు కాపుదల తొలగిపోవును. ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబ్రాకును.

ద్రవము ప్రత్తిలో ప్రాకుట కేశాకర్షణము వలన. ద్రవము చిక్కనైనకొలది ఈ నడక మందగించును. గది వేడిమిలో గ్లిజరిన్ చిక్కదనము నీటికంటె వేయి రెట్లకు మించినది. ప్రొపిలీన్ గ్లైకాల్ చిక్కదనము కొన్ని పదుల రెట్లు మాత్రమే. కావున గ్లిజరిన్ హెచ్చుగా నున్న ద్రవమును సన్నని రంధ్రములు గల చిన్న కాయిల్ లో పోసినచో తక్కువ వాట్లకే మాడువాసన వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఇంగ్లండు చలికాలములో ద్రవము ఇంకను చిక్కబడును. ఇట్టి ద్రవమునకు పెద్ద రంధ్రములు, వెడల్పైన తీగ గల కాయిల్ తగినది. తీగ ఉపరితలము పెద్దదైనచో అవే వాట్లు ఎక్కువ ప్రత్తి మీద పరచుకొనును.

కావున ఇన్ని వాట్లు సరియైనవని అందరికి ఒకే అంకె చెప్పవీలులేదు. తయారుచేయువారు ప్రతి కాయిల్ మీద, ఉదాహరణకు, 40 నుండి 60 వాట్లు అని ముద్రింతురు. అది ఆ ప్రత్తి అందింపగల ద్రవమునకు హద్దు. క్రింది అంకెకు దగ్గరగా మొదలిడి కొద్దికొద్దిగా పెంచుటయే యుక్తము. మరీ తగ్గించినను చిక్కే: ద్రవము ఆవిరి కాక నిలిచి గుడగుడలాడును. కొత్త ప్రత్తి పొడిగా ఉండును గనుక ముందు దానిపై నాలుగు చుక్కలు వేసి, తొట్టి నింపి, అయిదు పది నిముషములు ఆగవలెను. ఊపిరి తిరుగకుండ వరుసగా పీల్చినచో పోయిన తడి తిరిగి చేరుటకు వ్యవధి ఉండదు. తీపి ద్రవములతో ఇంకొక చిక్కు గలదు. అందులోని సుక్రలోజు ఆవిరి కాక తీగపై అడుగంటి, పాకము మాడినట్లు నల్లని పెచ్చు కట్టును. అప్పుడు వాట్లు ఎంత సరిగా ఉన్నను ప్రయోజనము లేదు.

ఇదంతయు రుచికి సంబంధించిన విషయమే అయినచో ఇంత వ్రాయనక్కరలేదు. మూకుడులో నూనె మితిమీరి కాగి పొగలెక్కినప్పుడు కండ్లు మండి, గొంతు పట్టుకొనును. ఆ ఘాటు ముఖ్యముగా అక్రోలీన్ అను పదార్థము వలన. నూనెలోని గ్లిజరిన్ భాగము విచ్ఛిన్నమై అది పుట్టును. ఎండిన కాయిల్ మీద జరుగునదియు అదే. దానితోబాటు ఫార్మాల్డిహైడు కూడ పుట్టును. ఇది మనుష్యులకు క్యాన్సరు కలిగించునని నిర్ధారింపబడిన పదార్థము.

ఈ విషయమున 2015లో ఒక పెద్ద వాదము జరిగినది. అమెరికాలోని పోర్ట్లండు స్టేటు విశ్వవిద్యాలయపు రసాయనజ్ఞులు ఒక పరికరమును యంత్రముచే పీల్పించి చూచిరి. 3.3 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడు జాడ కనబడలేదు. 5 వోల్టుల వద్ద దానికి సంబంధించిన పదార్థములు హెచ్చుగా కనబడినవి. పత్రికలన్నియు ఈ వార్తను చాటినవి. ఆ సంవత్సరమే గ్రీకు హృద్రోగ వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్, అతని సహచరులు అనుభవము గల వాడుకరులకే పరికరములు ఇచ్చి పరీక్షించిరి. ఆల్డిహైడులు హెచ్చుగా పుట్టిన స్థితిలో ఆ మనుష్యులు మాడురుచికి ఓర్వలేకపోయిరి. యంత్రమునకు నాలుక లేదు, దగ్గు రాదు. ఎండిన ప్రత్తినైనను అది పీల్చుచునే ఉండును. నా దృష్టిలో రెండు ప్రయోగములును విలువైనవే. మొదటిది వాట్లు మితిమీరిన ఏమగునో చూపినది; రెండవది మనిషి ఎచ్చట ఆగునో చూపినది. అయితే మాడువాసన లేనంత మాత్రమున ఆవిరి నిర్దోషమని తలంపరాదు. వాసన తెలియకమునుపే కొంత విచ్ఛిన్నము మొదలు కావచ్చును. నికోటిను వ్యసనమును కలిగించు గుణము ఏ వాట్ల వద్దను పోదు.

బ్యాటరీ గూర్చి ఒక్క మాట. 0.2 ఓముల తీగ గుండ 18 ఆంపియర్లకు పైగా ప్రవహించును. అంత ప్రవాహమునకు తగని చిన్న బ్యాటరీ వేడెక్కి పగిలి మండవచ్చును.

కొన్ని పరికరములలో వాట్లకు బదులు ఉష్ణోగ్రతనే నిర్ణయించు ఏర్పాటు గలదు. నికెలు, టైటానియము, తుప్పుపట్టని ఉక్కు తీగల నిరోధము వేడితోబాటు పెరుగును. నికెలులో ఈ పెరుగుదల డిగ్రీకి సుమారు వేయింట ఆరు వంతులు. పరికరము నిరోధమును క్షణక్షణము కొలిచి, దానినిబట్టి తీగ వేడిని గణించి, హద్దు చేరగానే ప్రవాహమును తగ్గించును. కాంతాల్ నిరోధము వేడికి దాదాపు మారదు గనుక ఆ తీగతో ఈ ఉపాయము సాగదు. ఈ ఏర్పాటు నిజముగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు వాడుకరులు చేయు పరీక్ష చమత్కారమైనది: తీగలో పొడి ప్రత్తిని పెట్టి, హద్దును 200 డిగ్రీల దరిదాపుల ఉంచి, నోట పెట్టుకొనకయే మీట కొద్దిసేపు నొక్కి, ప్రత్తిని బయటికి తీసి చూచెదరు. అది తెల్లగనే ఉన్నచో కొలత సరిగా నున్నదన్నమాట. గోధుమరంగు తిరిగినచో పరికరము చూపు అంకె తప్పు.