కొండగొర్రె కాళ్ల కింది అడవి

కొండగొర్రె అంటాం గానీ అది గొర్రె కాదు, లేడి అసలే కాదు. నీలుగాయికి దగ్గరి చుట్టం. లేళ్ల కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. దీనివి మాత్రం ఎముక మీద గోరులాంటి తొడుగుతో, బతికినన్నాళ్లూ ఉంటాయి. పోతుకు చెవుల దగ్గర బెత్తెడు కొమ్ములు రెండు, నుదుటి మీద బొటనవేలి కణుపంత మరో రెండు. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములది ప్రపంచంలో ఇదొక్కటే. ఇండియా, నేపాల్ దాటి ఎక్కడా లేదు. మన దగ్గర పాపికొండల్లో, నల్లమలలో ఉంది. అయినా జింక జాతి అనగానే మనకు గుర్తొచ్చేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకే. అది బయట మైదానంలో మందలుగా తిరుగుతుంది మరి. ఇదేమో ఒంటరిది. ఎత్తు రెండడుగులు, బరువు 20 కిలోలు. అలికిడైతే గడ్డిలో కదలకుండా నిలబడిపోతుంది, మరీ దగ్గరికొస్తేనే దూకి పరుగెడుతుంది. నీళ్లకు దూరంగా ఉండలేదు. అంటే దీనికి అడవంటే పైన కొమ్మలు కాదు, నడుమెత్తు గడ్డీ పక్కనే వాగూ. చెట్లు పచ్చగా ఉన్నాయి కదా, అడవి బాగుందనుకునే మన లెక్క ఇక్కడే తప్పుతోంది.

చెట్లు నిలిచినా ఆ గడ్డిని మంట మింగేస్తోంది. వేసవిలో కొండ కాల్చడం తాతలనాటి అలవాటే కదా అంటారు. నిజమే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చుకునేవాళ్లను తప్పుపట్టలేం. కాలిన చోట లేతగడ్డి కూడా వస్తుంది. కానీ చెట్టు కింది మంట వేరు, కొండవాలంతా ఒకేసారి తగలబడటం వేరు. అప్పుడు దాక్కునే గడ్డి పోయి, కొండగొర్రె ఎండల్లో మిగిలిన ఒకే మడుగు దగ్గరికి రావలసిందే. ఉచ్చులూ కుక్కలూ ఉండేదీ అక్కడే. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో దీని పేరుంది. చట్టం వేటగాణ్ణి పట్టుకుంటుంది. మడుగు ఎండితే ఎవర్ని పట్టుకోవాలి?

జూలో పెంచి వదిలితే సరి అనేవాళ్లు కెన్యా వైపు చూడాలి. అక్కడి ఎత్తైన కొండల్లో, వెదురు పొదల్లో బతికే బోంగో అనే జింక ఎర్రటి ఒంటి మీద తెల్లచారలున్న అందగత్తె. అడవిలో వంద కూడా మిగల్లేదు. 2004లో అమెరికా జూల నుంచి 18 బోంగోలను కెన్యా కొండ దిగువకు తెచ్చారు. వాటి సంతతిలో కొన్నిటిని కంచె దాటించి పెద్ద అడవి ఆవరణలోకి వదిలేసరికి 2022 వచ్చింది. విమానంలో తేవడం తేలికే. పోగొట్టుకున్న అడవితనం మళ్లీ నేర్పడానికి తరాలు పట్టింది. మనకింకా ఆ గతి పట్టలేదు. వాగుల వెంట కొంత గడ్డిని మంటకు దూరంగా ఉంచితే చాలా వరకు పని అయినట్టే. కంటికి కనపడని జంతువు ఉందో లేదో ఎలా తెలుస్తుందంటారా? కొండగొర్రె పెంటికలు వేసేది ప్రతిసారీ ఒకే చోట. ఆ కుప్ప మీద తడి పెంటికలు ఉన్నాయా, అన్నీ ఎండిపోయాయా అని వంగి చూడాలి.